తాతయ్య తట్టిన తలుపు

జూన్ 3, సోమవారం

తాతయ్యకి,

నేను క్షేమం. నా చెప్పులే క్షేమంగా లేవు. ఎడమకాలిది నిన్న నడివీధిలో ప్రాణం విడిచింది. వారానికోసారి ఫోన్ చేస్తున్నాను గానీ, అమ్మ చేతిలోంచి ఫోను నీ చేతికొచ్చేసరికి "తిన్నావా, పడుకున్నావా" దగ్గరే టైమైపోతోంది. అందుకే ఉత్తరం. సోమవారం మాకు సెలవు. బట్టలుతుక్కుని, గది ఊడ్చుకుని, ఇంటికి రాసుకోవాలి.

నువ్వు మా మార్మన్ల చర్చికి భోజనాలున్న రోజున తప్ప రావు కాబట్టి మొదట్నుంచీ చెప్తాను. నేనీ దేశంకాని దేశంలో పద్దెనిమిది నెలలు మిషనరీగా ఉండాలి. పొద్దున్నే ఆరున్నరకి లేచి, చదువుకుని, గుండెల మీద పేరు పట్టీ తగిలించుకుని వీధిన పడాలి. తలుపులు తట్టాలి. ఎవరైనా రమ్మంటే కూర్చుని దేవుడి సంగతి చెప్పాలి. ఒంటరిగా అడుగు బయటపెట్టకూడదు. జంటగా వెళ్లాలి, ఒకరికొకరు కనబడుతూ, వినబడుతూ ఉండాలి. నా జంట ఆరడుగుల పిల్ల. తనకి మన భాష రాదు, నాకు తన భాష రాదు, ఇద్దరికీ ఈ ఊరి భాష సగం సగం. నేను మొదలుపెట్టిన వాక్యాన్ని తను ముగిస్తుంది. వినేవాళ్లు ఆటలో బంతి చూసినట్టు తలలు అటూ ఇటూ తిప్పుతారు.

పోయిన వారం అరవై ఒక్క తలుపులు తట్టాం. మూడు తెరుచుకున్నాయి. ఒకాయన కుక్క బయటికి పోయిందేమోనని తీశాడు. ఒకావిడ మేం గ్యాసు మీటరు చూడ్డానికొచ్చామనుకుని, మీటరు చూపించి, మేం చూశాక తలుపేసుకుంది. మూడోది లాండ్రీ ఆవిడ. "కూర్చోండి, కానీ చేతులూరికే పెట్టుకోకండి" అని దుప్పట్ల గుట్ట మా ముందు పడేసింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు వెళ్తున్నాం. మేం ప్రార్థన గురించి చెప్తాం, ఆవిడ దుప్పటి మూలలు ఎలా కలపాలో చెప్తుంది. ఎవరు ఎవరికి బోధిస్తున్నారో నాకింకా తేలలేదు.

ఒక్క విషయం అడగాలి. ముప్ఫై నాలుగేళ్లు కండక్టరుగా చేశావు. రోజూ ఎంతమంది ముక్కూమొహం తెలియనివాళ్లని మాట్లాడించి ఉంటావు. నాకా కిటుకు చెప్పు. ఆరు వారాలకోసారి మాకు ట్రాన్స్‌ఫర్లుంటాయి, నాది దగ్గర పడుతోంది. ఈలోగా నాలుగో తలుపైనా తెరిపించాలి.

నీ పిట్ట


జూన్ 14

పిట్టా,

నీ ఉత్తరం చదివాను. మీ అమ్మకి చదివి వినిపించాను. కింద షాపులో వాచీల ఆయనకి కూడా వినిపించాను. ఆయనకి సరిగ్గా వినపడదు కాబట్టి రెండుసార్లు చదవాల్సొచ్చింది, నాలుగిళ్లవాళ్లు విన్నారు. లాండ్రీ ఆవిడంటే ఇప్పుడు మన వీధిలో అందరికీ గౌరవం.

కిటుకు అడిగావు, రాసుకో. తలుపు తట్టాక రెండడుగులు వెనక్కి వెయ్యి. కొంచెం పక్కకి తిరిగి నిలబడు. తలుపు తీసేసరికి ఎదురుగా మొహం ఉంటే ఎవడికైనా మూసెయ్యాలనే పుడుతుంది. ఆ ఆరడుగుల పిల్లని నీ వెనక పెట్టుకోకు, జైలుకి తీసుకుపోవడానికొచ్చారనుకుంటారు. మెట్టు కింద నిలబడమను. ఇంక మాట సంగతి. నువ్వు ఎక్కడినుంచొచ్చావో ఏం చెప్పాలనుకుంటున్నావో మొదలెట్టకు. వాళ్లనే అడుగు. బస్సెక్కిన ప్రతివాడికీ తను ఎక్కడికి పోతున్నాడో, ఎందుకు పోతున్నాడో చెప్పాలని నాలుక దురద. అడిగేవాడే ఉండడు. నేను అడిగేవాణ్ని. అంతే నా విద్య.

అసలు సంగతికొస్తాను. ట్రాన్స్‌ఫర్ అన్నావు. చదవగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. ఏం చేశావే? ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో నేను చూసిన ట్రాన్స్‌ఫర్లలో పనిష్మెంటు కానిది ఒక్కటీ లేదు. డ్రైవరుతో పడకపోతే ట్రాన్స్‌ఫర్, మేనేజరు బామ్మర్దిని టికెట్ అడిగితే ట్రాన్స్‌ఫర్. వెళ్లి రెండు నెలలు కాలేదు, అప్పుడే ఎవరి కంట్లో పడ్డావు? నువ్వు చెప్పవు, నీకు పౌరుషం ఎక్కువ. అందుకని నేనే మీ పైఅధికారికి, ఆ మిషన్ అధ్యక్షుడికి ఒక అర్జీ రాసి, ఈ ఉత్తరంతోపాటే పోస్టులో వేశాను. అడ్రసు మీ అమ్మ పుస్తకంలో దొరికింది. మీ అమ్మకి తెలియదు.

మీరు చెప్పే పాఠాలేమిటో కూడా రాయి. ఇన్నాళ్లూ అడగలేదు. అడిగితే నన్ను కలిపేసుకుంటారని భయం. ఇప్పుడు నువ్వంత దూరాన ఉన్నావు కాబట్టి ధైర్యంగా అడుగుతున్నాను.

మీ తాత


జూలై 1, సోమవారం

తాతయ్యా, తాతయ్యా, తాతయ్యా,

నీ అర్జీ అందింది. అందడం కాదు, ఊరేగింది.

విను. పోయిన శుక్రవారం మిషనరీలందరికీ పెద్ద సమావేశం. నలభై మందిమి. అధ్యక్షుడు లేచి, జేబులోంచి ఒక కవరు తీసి, "ఈ ఉత్తరం ఏ భాషో నాకు తెలియదు గానీ కింద మూడుసార్లు గీత గీసి సంతకం పెట్టారు, చాలా ముఖ్యమైనదని తెలుస్తోంది, ఎవరైనా చదవగలరా" అన్నాడు. నీ చేతిరాత గది చివర్నుంచే గుర్తుపట్టాను. కుడితిలో పడ్డ ఎలుకనే నేను. అక్కడ ఆ భాష వచ్చింది నాకొక్కదానికే. ముందుకెళ్లి, మైకు పట్టుకుని, నా గురించి నువ్వు రాసింది నేనే అనువాదం చేశాను. "అయ్యా, నా మనవరాలు చిన్నది, తెలిసీ తెలియక చేసిన తప్పుని పెద్ద మనసుతో మన్నించి, దూరపు రూటుకి వెయ్యకుండా ఉన్నచోటనే కొనసాగించ ప్రార్థన. గతంలో ఈమె మీద ఎటువంటి ఫిర్యాదులూ లేవు, నాలుగో తరగతిలో పక్కపిల్ల జడని బెంచీకి కట్టిన సంగతి తప్ప." అక్కడికొచ్చేసరికి జనం కుర్చీల్లోంచి జారిపోయారు. అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

మా ట్రాన్స్‌ఫర్లు పనిష్మెంటు కాదు తాతయ్యా. అందరికీ ఉంటాయి. ఆయన నిన్ను ఎంతో మెచ్చుకుని, నన్ను ఇంకో ఆరు వారాలు ఇక్కడే ఉంచాడు. అర్జీవల్ల కాదని చెప్పాడు. కానీ నవ్వుతూ చెప్పాడు.

నీ కిటుకు పనిచేసింది. రెండడుగులు వెనక్కి, పక్కకి తిరిగి, పొడుగుపిల్ల మెట్టు కింద. ఒక్క వారంలో తొమ్మిది తలుపులు. "మీరు ఎక్కడికైనా బయల్దేరుతున్నారా" అని అడిగితే చాలు. ఒక తాళాలాయన మొదటి పెళ్లినుంచి మూడో పెళ్లిదాకా చెప్పాడు. దేవుడి సంగతి చెప్పడానికి మాకు టైము మిగల్లేదనుకో, అయినా రేపు రమ్మన్నాడు.

పాఠాలు అడిగావు. పోయిన వారం లాండ్రీ ఆవిడకి చెప్పింది రాస్తాను. పశ్చాత్తాపం. చేసిన తప్పు తప్పని ముందు మనకి తెలియాలి. తర్వాత దేవుడికి చెప్పుకోవాలి. ఎవరికి చేశామో వాళ్ల దగ్గరికెళ్లి వాళ్లకీ చెప్పాలి. చెప్పేటప్పుడు ఎంత చేశామో అంతా చెప్పాలి, అంచులు కత్తిరించకూడదు. ఆ తర్వాత చేతనైనంత సరిదిద్దాలి. ఇది చెప్తుంటే ఆవిడ ఇస్త్రీపెట్టె కింద పెట్టేసింది. రెండేళ్ల క్రితం ఒక దర్జీ తెచ్చిచ్చిన కర్టెన్ని తనే కాల్చేసి, "మిషన్లో చిరిగింది" అని చెప్పిందట. మర్నాడు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన "ఆ కర్టెనంటే నాకు మొదట్నుంచీ గిట్టదమ్మా, మా ఆవిడ ముచ్చటపడి కొంది, నువ్వు పుణ్యం కట్టుకున్నావు" అన్నాడట. ఆవిడ వచ్చి మా ఇద్దర్నీ చెరో చేత్తో ఎత్తినంత పని చేసింది.

మనకి మనం చేసిన తప్పు పెద్దగా కనిపిస్తుంది, అవతలివాళ్లకి ఎలా కనిపిస్తుందో వెళ్లి అడిగితేగానీ తెలియదు. ఈ మాట పాఠంలో లేదు. నాకే తోచింది.

మైకు పట్టుకున్న నీ పిట్ట


జూలై 12

పిట్టా,

అర్జీ సంగతి సరే. నలుగురూ నవ్వుకున్నారు, ఉన్నచోట ఉన్నావు, నాకింకేం కావాలి.

కొన్ని విషయాలు తెలియాలి. ఒక్కొక్కటిగా జవాబివ్వు. తలుపు తట్టడానికి ఏ వేళ మంచిది? ఒకే తలుపు ఎన్నిసార్లు తట్టొచ్చు? లోపల మనిషి ఉన్నట్టు తెలుస్తూనే ఉండి, తలుపు తీయకపోతే ఏం చెయ్యాలి? కిటికీలోంచి మనల్ని చూసి కర్టెన్ లాగేస్తే అది లెక్కలోకొస్తుందా? తెల్లచొక్కా తప్పనిసరా, గళ్లచొక్కా ఫరవాలేదా?

ఎందుకంటే నేనూ మొదలెట్టాను. ఒంటరిగా వెళ్లకూడదన్నావు కాబట్టి వాచీల ఆయన్ని జంటగా తీసుకున్నాను. కనబడుతూ వినబడుతూ ఉండాలన్నావు. ఆయనకి నేను కనబడతాను. వినబడ్డం సంగతి దేవుడు చూసుకోవాలి. మొన్న బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కాలు వేసుకుని బయల్దేరాం. పేరు పట్టీ లేదని నా పాత కండక్టరు బిళ్ల తగిలించుకున్నాను. ఆయన తగిలించుకోవడానికి ఏమీ లేక మెళ్లో భూతద్దం వేసుకున్నాడు. తలుపు తట్టాం. రెండడుగులు వెనక్కి వేసి పక్కకి తిరిగి నిలబడ్డాం. ఆయన ఏ పక్కకి తిరగాలో తెలియక పూర్తిగా వెనక్కి తిరిగి నిలబడ్డాడు. తలుపు తీయలేదు.

ముప్ఫై నాలుగేళ్లు నా దగ్గరికి జనం వచ్చారే గానీ నేను జనం దగ్గరికి వెళ్లలేదు. అవతల నిలబడ్డం ఇంత కష్టమని ఇప్పుడు తెలిసింది. నువ్వు రోజూ ఎలా నిలబడుతున్నావే? వాచీల ఆయన "ఎంతసేపు" అని అడిగితే, "తీసేదాకా" అన్నాను. ఆయన వాచీ చూసుకుని పదిహేను నిమిషాలకి నన్ను ఇంటికి లాక్కొచ్చాడు.

మీ అమ్మకి చెప్పకు. నేనేదో మార్కెట్టుకి వెళ్తున్నాననుకుంటోంది. మార్కెట్టుకి బిళ్ల ఎందుకని మాత్రం అడిగింది.

మీ తాత


జూలై 22, సోమవారం

నా బంగారు తాతయ్యా,

ఈ ఉత్తరం తడిగా ఉంటే ఏమీ అనుకోకు. మెట్ల మీద కూర్చుని నీ ఉత్తరం చదివి భోరున ఏడ్చాను. పొడుగుపిల్ల ఎవరో పోయారనుకుని నాతోపాటు ఏడ్చింది. నేను ఏడుస్తూనే నవ్వుతున్నానని తెలిశాక తనూ నవ్వింది. ఎందుకో తెలియకుండా నాకోసం రెండూ చేసింది, అంత మంచిది.

నువ్వు, మా తాతయ్య, తెల్లచొక్కా వేసుకుని, జంటని వెంటపెట్టుకుని, తలుపు తలుపుకీ తిరిగి దేవుడి మాట చెప్తున్నావా. భోజనాల రోజు తప్ప చర్చి మొహం చూడనివాడివి. ఇది నా నోట్లో దాగే విషయమా చెప్పు. ఆదివారం చర్చిలో లేచి చెప్పేశాను. ఇక్కడ మొత్తం పదిహేడుమందే, అందులో ఇద్దరు చంటిపిల్లలు. చంటిపిల్లలు తప్ప అందరూ నీ కోసం ఒక పూటా ఒక రాత్రీ పస్తున్నారు. పియానో వాయించే పెద్దావిడ నీ బాప్తిస్మం ఏ తేదీనో అడిగింది. నాకు తెలియక "త్వరలోనే" అన్నాను. ఆవిడ కేలెండర్లో "త్వరలో" అని రాసుకుంది.

నీ ప్రశ్నలకి జవాబులు. పొద్దున పదింటికి, సాయంత్రం ఐదింటికి మంచిది. ఒకే తలుపు ఎన్నిసార్లైనా తట్టొచ్చు, మనసులో కోపం లేనంతకాలం. కర్టెన్ లాగితే అదీ ఒక జవాబే, కనీసం మనిషి మనల్ని చూసినట్టు. గళ్లచొక్కా వద్దు. నీకొక టై పంపిస్తున్నాను, వాచీల తాతకొకటి. ఆయన వెనక్కి తిరిగి నిలబడ్డా ఫరవాలేదని చెప్పు.

లాండ్రీ ఆవిడకి ఆగస్టు పదో తేదీన బాప్తిస్మం. దానికి వేసుకునే తెల్లబట్టలు చర్చి అల్మారాలో ఉంటాయి. చూడ్డానికొచ్చి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇవి తెల్లవా, వీటితోనా పాపాలు కడుక్కునేది" అని మొత్తం అల్మారా మూటగట్టుకుపోయింది. మొన్న తెచ్చింది. కళ్లు చెదిరిపోతున్నాయి.

నీ మనవరాలినని చెప్పుకుని తిరుగుతున్న పిట్ట


ఆగస్టు 2

ఒసే పిచ్చి పిట్టా,

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. బాప్తిస్మం తేదీ కూడా పెట్టించావా? ముందు ఆ పియానో ఆవిడ కేలెండరు చెరిపించు.

నేను తలుపు తలుపుకీ తిరగడం లేదు. ఒక్కటే తలుపు. నువ్వు తొందరపడ్డావని కోప్పడను, నేనే సగం రాశాను. మిగతా సగం ఇప్పుడు రాస్తాను.

ఆ తలుపు నా చెల్లెలిది. మీ అమ్మకి సొంత మేనత్త. భర్త పోయాక ఈ ఊరే వచ్చి ఆరు వీధుల అవతల ఉంటోంది. పందొమ్మిదేళ్లుగా మాకు మాటల్లేవు. ఎందుకో నీకు తెలుసు, కథ ఇంట్లో అందరూ చెప్పుకునేదే. నీ మొదటి పుట్టినరోజుకి నీకు గౌను కుట్టి తీసుకుని నా బస్సెక్కింది. "మా అన్న బస్సు, నాకు టికెట్టేంటి" అంది. బస్సులో ఇన్‌స్పెక్టరున్నాడు. నేనేం చేస్తాను, ఉద్యోగం పోతుందని, నడిరోడ్డున దింపేశాను. రెండు సంచులతో ఎండలో దిగింది. మన ఇంటికి రాలేదు, తిరిగి అత్తారింటికి నడిచిపోయింది.

ఇది కథ. ఇప్పుడు అంచులు కత్తిరించకుండా రాస్తున్నాను. బస్సులో ఇన్‌స్పెక్టరు లేడు.

వెనక సీట్లో ఒకడు "అన్నగారి బస్సైతే మాక్కూడా ఉచితమేనా" అన్నాడు. బస్సంతా నవ్వింది, ఆవిడా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. విజిలేశాను. అంతే. పది క్షణాల రోషం. రెండు రోజులు తిరిగేసరికి చుట్టాలందరూ నన్నే ఓదార్చడం మొదలెట్టారు, "పాపం, ఇన్‌స్పెక్టరు ఎక్కాడట గదా" అని. ఎవరు పుట్టించారో నాకు తెలియదు. కాదనలేదు. తర్వాత తర్వాత నేనే చెప్పడం మొదలెట్టాను. ఏడాదేడాదికీ ఆ ఇన్‌స్పెక్టరుకి మీసం వచ్చింది, పొట్ట వచ్చింది, పోయినేడు ఎవరికో చెప్తూ సిగరెట్టు కూడా పెట్టాను. మీ అమ్మకి తెలియదు. పోయిన మీ అమ్మమ్మకీ చెప్పలేదు. నీకే మొదటిసారి చెప్తున్నాను. నీ లాండ్రీ ఆవిడ చేసింది చదివాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి తీయలేదు. రెండోసారి కర్టెన్ లాగింది. మూడోసారి తలుపు తీసింది, వాచీల ఆయన్ని లోపలికి పిలిచింది, నా మొహాన వేసేసింది. ఆయనకి కుర్చీ, మంచినీళ్లు, ఫలహారం. గోడగడియారం ఆగిపోయిందట, దించి ఆయన ఒళ్లో పెట్టింది. గంటసేపు నేను మెట్టు మీద కూర్చున్నాను. నియమం ప్రకారం కిటికీలోంచి నాకు కనబడుతూనే ఉన్నాడు, నములుతూ. బయటికొచ్చాక "మీ చెల్లెలు చాలా మంచిది, మీరు చెప్పినట్టు లేదు" అన్నాడు. నేనాయనకి ఏమీ చెప్పనేలేదు.

ఆయనే ఇంకోటి చెప్పాడు. ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తోంది. ఆగస్టు ముప్ఫై ఒకటిన కొడుకు దగ్గరికి వెళ్లిపోతుందట, చాలా దూరం. ఆ తర్వాత ఆ తలుపు వేరేవాళ్లది. నాకు డెబ్భై మూడేళ్లు. అంత దూరం వెళ్లి తట్టగలనో లేదో. లోపలికి రానివ్వకపోతే ఎలా చెప్పడం? నీకు తెలిసిన దారేదైనా ఉంటే వెంటనే రాయి.

మీ తాత


ఆగస్టు 12, సోమవారం

తాతయ్యా,

పప్పులో కాలేశాను. రెండు కాళ్లూ వేశాను. నిన్న చర్చిలో లేచి మళ్లీ చెప్పాను, మా తాతయ్య మిషనరీ కాలేదు, పొరపాటు నాది అని. పియానో ఆవిడ ముందు డీలాపడి, తర్వాత, "మరి ఆయన ఏ తలుపు తట్టాడు" అంది. చెప్పొచ్చో లేదో తెలియక, ఎవరితోనో సమాధానపడ్డానికి అన్నాను. ఆవిడ కేలెండర్లో "త్వరలో" అలాగే ఉంచింది. చంటిపిల్లలు తప్ప అందరూ మళ్లీ పస్తుంటామన్నారు. ఇప్పుడు మేం పద్దెనిమిదిమందిమి, లాండ్రీ ఆవిడ చేరింది. నీళ్లలోంచి పైకి లేచి మొదటి మాట "ఈ నీళ్లకి సబ్బు నురగ రాదు, ఉప్పునీళ్లు" అంది. అందరం కన్నీళ్లు తుడుచుకుంటూ నవ్వాం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపం వచ్చింది, దాచను. నాకు గౌను తెస్తున్న మనిషిని ఎండలో దింపావు, ఆవిడెలా ఉంటుందో కూడా నాకు తెలియకుండా పోయింది. తర్వాత నువ్వు మెట్టు మీద గంటసేపు కూర్చోవడం తలుచుకున్నాను. కోపం నిలవలేదు.

నువ్వెవరో చెప్పకుండా, పేరు లేకుండా, లాండ్రీ ఆవిడని సలహా అడిగాను. దుప్పటి మడతపెడుతూ అంది. "మనిషి లోపలికి రానివ్వాలని ఎందుకు చూడ్డం? చెప్పాల్సింది ఒక్క ముక్కే కదా. దానికి కుర్చీ అక్కర్లేదు. ఎందుకు చేశాడో చెప్పొద్దను, ఎంత బాధపడ్డాడో చెప్పొద్దను. ఆ ముక్క చెప్పి వచ్చెయ్యమను."

నాకు తెలిసిందీ అదే తాతయ్యా. మూసిన తలుపుకి కూడా చెప్పి వస్తుంటాం. లోపల చెవులుంటాయి. ఈ ఉత్తరం నీకు ఇరవై రెండుకో ఇరవై మూడుకో అందుతుంది. అందగానే వెళ్లు. టై కట్టుకోవడం రాకపోతే మానెయ్యి.

నీ కోసం ఆకలితో ఉన్న పిట్ట


ఆగస్టు 30

పిట్టా,

నీ ఉత్తరం ఇరవై ఏడున అందింది. పోస్టుమాన్ సెలవు పెట్టాడట. చదివి, కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే లేచాను. వాచీల ఆయన బాగుచేసిన గడియారం చంకన పెట్టుకుని వచ్చాడు. ఆయన టై కట్టుకున్నాడు. నాకు ముడి పడలేదు.

అక్కడికెళ్లేసరికి వాకిట్లో సగం సామాను, అట్టపెట్టెలు. తలుపు మాత్రం వేసే ఉంది. తట్టాను. కర్టెన్ కదిలి ఆగింది. లోపలే ఉంది, తలుపుకి అవతలే ఉందని నాకు తెలుస్తోంది. నోరు తెరిచాను. ముప్ఫై నాలుగేళ్లు బస్సు ఆ చివరికి వినబడేలా అరిచిన గొంతు, అప్పుడు రాలేదు. వచ్చేసరికి ఒక్కసారిగా వచ్చింది. "బస్సులో ఇన్‌స్పెక్టరు లేడే" అన్నాను. వీధి వీధంతా విన్నది. ఎదురింటాయన ఎంగిలిచేత్తోనే బయటికొచ్చాడు. వాచీల ఆయనకి కూడా వినబడింది, "ఎవరు లేరు?" అన్నాడు.

చెప్పి వచ్చెయ్యమన్నారు కదా, వెనక్కి తిరిగాను. మెట్టు దిగుతుంటే లోపల్నుంచి అంది.

"నాకు తెలుసు."

ఆగాను.

"నేను ముందు సీట్లోనే కూర్చున్నానన్నయ్యా. ఎవరెక్కారో ఎవరు లేరో నాకు తెలియదా. ఇన్‌స్పెక్టరు ఎక్కాడని చెప్పింది నేనే. సంచులతో తిరిగొస్తే మా అత్తగారు ఎందుకొచ్చావంది. సొంత అన్న దింపేశాడని ఎలా చెప్పను? మా అన్న మంచివాడు, ఇన్‌స్పెక్టరున్నాడు, ఏం చేస్తాడు పాపం అన్నాను. నీ పరువు కోసం పుట్టించాను. ఆ మాట నువ్వు పట్టుకుని ఊరంతా తిప్పావు. నన్ను దింపినందుకు నాకు వారం రోజులే కోపం. నేను చెప్పిన అబద్ధాన్ని నా దగ్గరికొచ్చి ఒక్కసారైనా అబద్ధమంటావేమోనని చూశాను. పందొమ్మిదేళ్లు చూశాను."

పిట్టా, ఇన్నాళ్లూ ఆవిడ నా మీద పగపట్టిందనుకున్నాను. ఆవిడ నన్ను కాపాడుతూ కూర్చుంది. నేనేమో ఆ ఇన్‌స్పెక్టరుకి మీసాలు పెంచుకుంటూ తిరిగాను. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను, కానీ చావలేదు, తలుపు తీసింది.

తలుపు తీసి, నన్ను చూసి, "ఎంత ముసలాడివయ్యావురా" అంది. నన్ను 'రా' అనే మనిషి ఈ భూమ్మీద అది ఒక్కతే మిగిలింది. నాకంటే ఐదేళ్లు చిన్నది. అయినా చిన్నప్పట్నుంచీ అంతే.

ఆ రోజునుంచీ ఇంటికి నిద్రకి మాత్రం వస్తున్నాను. సామాను కడుతున్నాం. ఆవిడ కట్టమన్నది నేను కడతాను, నేను కట్టింది ఆవిడ విప్పుతుంది. మీ అమ్మ కూడా వచ్చింది, ఇద్దరూ ఒక గంట ఏడ్చారు. నేను ఏడవలేదు, ఆ రోజు ఎండ కళ్లలో పడి కొంచెం నీళ్లు కారాయంతే. రేపు పొద్దున ఆవిడ ప్రయాణం. నేనూ ఆవిడతో వెళ్తున్నాను, పది రోజులుండి వస్తాను. పది అన్నాను గానీ ఆవిడ పదిహేను అంటోంది, చూడాలి.

నీ చర్చిలో కేలెండరావిడకీ, మిగతావాళ్లందరికీ తిండి తినమని చెప్పు. లాండ్రీ ఆవిడకి నా దండం చెప్పు.

ఈ ఉత్తరం చివర ఆవిడ ఏదో రాస్తానంటోంది. వద్దంటే వినేలా లేదు. కాగితం లాక్కుంటోంది.

మీ తాత

---

అమ్మా పిట్టా,

నేనమ్మా, మీ తాతయ్య చెల్లెల్ని. నిన్ను మూడు నెలల పిల్లప్పుడు ఎత్తుకున్నాను, అప్పుడే కీచుకీచుమంటూ ఒకటే వాగుడు. ఆ గౌను నా దగ్గరే ఉంది, మీ అమ్మకిచ్చాను.

పైన రాసిందంతా చదివాను. ఒక్కచోట తప్ప అన్నీ నిజమే. ఆ రోజు ఎండ లేదు. పొద్దున్నుంచీ మబ్బు. గుమ్మంలోనే కూలబడి, ఎదురింటాయన చూస్తున్నాడని కూడా లేకుండా, చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నా తువ్వాలు ఇచ్చాను, దానికేసి ముక్కు చీదాడు. ఆ గడియారాలాయన ఏం చెయ్యాలో తెలియక వెనక్కి తిరిగి నిలబడ్డాడు. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు పక్కనే కూర్చుని నేనేం రాస్తున్నానో చూడాలని మెడ చాస్తున్నాడు. చూపించను.